టవర్ లేనిచోట ఎక్కడ దాచాలి

మార్కాపురంలో మా మేడ మీది గదిలో కూర్చుని నేను వెబ్ అప్లికేషన్లు రాస్తాను. చాలావరకు దూరపు కంపెనీలకు. వాళ్ళ ఆఫీసుల్లో నెట్ పోవడం అరుదు. అందుకని సమాచారాన్ని వాడేవాళ్ళ ఫోన్లో ఎక్కడ ఉంచాలి, ఎంతకాలం ఉంచాలి అనే ప్రశ్న చాలా ఏళ్ళు నాకు ఎదురుకాలేదు. అంతా సర్వర్‌కు పోయేది, సర్వర్ నుంచి వచ్చేది. ఫోన్ చూపించడానికే గాని దాచడానికి కాదు అన్నట్టుండేది నా పని.

ఆ ప్రశ్నను ఇంట్లోకి తెచ్చింది నా భార్య. ఆమె పశువైద్య సహాయకురాలు. పుట్టిల్లు గిద్దలూరు వైపు, ఉద్యోగం త్రిపురాంతకం చుట్టుపక్కల ఊళ్ళలో. గొర్రెలకు, మేకలకు, బర్రెలకు టీకాలు వేయడం, ఎవరి మందలో వేటికి వేసిందో నమోదు చేయడం ఆమె పని. సూది వేయడం కంటే నమోదు చేయడానికే ఎక్కువ సమయం పోతోందని విసుక్కుంటే, నేనొక చిన్న అప్లికేషన్ రాసిచ్చాను. ఇంట్లో చూసుకున్నప్పుడు బాగానే పనిచేసింది. మర్నాడు కొండవార పల్లెలో ఒక మంద మొత్తానికి సూదులు వేసి, వివరాలన్నీ కొట్టి, ‘పంపు’ అని నొక్కితే తెల్లటి పేజీ వచ్చిందట. కొట్టినవన్నీ పోయాయి. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే అంది.

“టవర్ కింద కూర్చోని రాసినావు నువ్వు. నేను టవర్ కింద పనిచెయ్యను.”

అంతకంటే కచ్చితమైన విమర్శ నా పనిమీద ఇంతవరకు ఎవరూ చేయలేదు.

బ్రౌజరు తన దగ్గర దాచుకోవడానికి కొన్ని చోట్లు ఇస్తుంది. వాటిలో కుకీ చాలా చిన్నది. ప్రతిసారీ సర్వర్ దాకా పోయి వస్తుంది. లాగిన్ అయింది ఎవరో గుర్తుపట్టడానికి సరిపోతుంది, మంద వివరాలు దాని మీద వేయకూడదు. సెషన్ స్టోరేజ్‌లో పెట్టింది ఆ పేజీ మూసేదాకానే ఉంటుంది. దొడ్డిలో గొర్రెను పట్టుకోవడానికి ఫోన్ జేబులో వేసి మళ్ళీ తీసేసరికి పేజీ ఉంటుందన్న నమ్మకం లేదు. లోకల్ స్టోరేజ్‌లో పెట్టింది పేజీ మూసినా, ఫోన్ ఆపి మళ్ళీ వేసినా ఉంటుంది, రాయడమూ తేలిక. మొదట నేను అందులోనే పెట్టాను. ఆమె కొన్ని నెలలు దాంతోనే నెట్టుకొచ్చింది.

దాని ఇరుకు తర్వాత బయటపడింది. మా వైపు ఒక్కో కుటుంబం విడిగా మేపుకోవడం తక్కువ. అన్నదమ్ముల గొర్రెలూ, వియ్యంకుల గొర్రెలూ కలిపి ఒకే మందగా తోలుతారు. ఏది ఎవరిదో చెవి గాటు చెబుతుంది. ఒకరిది చెవి కొనన, ఒకరిది ముందువైపు, ఒకరిది వెనకవైపు. రాతలో పెడితే తికమక పడుతున్నామని, చెవిని ఫోటో తీసి పెట్టే వీలుండాలని ఆమె అడిగింది. లోకల్ స్టోరేజ్ అక్షరాలు తప్ప మరేమీ తీసుకోదు, ఇచ్చే చోటూ కొంచెమే. ఫోటోను బలవంతంగా అక్షరాలుగా మార్చి కుక్కితే నాలుగు చెవులకే నిండిపోయింది.

అప్పుడు బ్రౌజరు ఇచ్చే మరో చోటు, ఇండెక్స్‌డ్‌డీబీకి మారాలని నిర్ణయించుకున్నాను. దాంతో పనిచేయడం చికాకు. రెండు ముక్కల్లో అయిపోవాల్సినదానికి ఇరవై వరుసలు రాయాలి. కానీ ఫోటోను ఫోటోగానే పుచ్చుకుంటుంది, ఒక్కో గొర్రెను ఒక్కో రికార్డుగా ఉంచుతుంది, గాటును బట్టి వెతకనిస్తుంది, చోటు ధారాళంగా ఇస్తుంది. నేను పెట్టుకున్న నియమం ఇది. పోతే నష్టం కలిగే ప్రతిదీ ఇండెక్స్‌డ్‌డీబీలో. పోయినా ఫరవాలేని చిన్న సంగతులు, అంటే అక్షరాల సైజు, చివరిసారి పనిచేసిన ఊరి పేరు లాంటివి, లోకల్ స్టోరేజ్‌లో. పాస్‌వర్డ్ ఎక్కడా వద్దు. పేజీని తెరిచే ఫైళ్ళు మాత్రం ముందే ఫోన్లో దించుకోవాలి, నెట్ లేకపోయినా పేజీ తెరుచుకోవాలి. ఈ పంపకం మీద నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో ఉంటూ ఇదంతా పలక మీద రాతతో పోల్చి చెప్పకుండా ఉండటం కష్టమే. పోల్చితే అర్థమైనట్టు అనిపిస్తుందే గాని అర్థం కాదు. అందుకని పోల్చను.

ఆ మార్పు సగంలో ఉండగా ఆమెకు జబ్బు చేసింది. పూర్తయ్యేసరికి ఆమె లేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు మంచి మాటలు చెప్పారు. అల్మారాలో ఉన్న పుస్తకాల్లోనూ ఇలాంటి సమయాలకు రాసినవి చాలా ఉన్నాయి, కొన్ని మళ్ళీ చదివాను. రెండు చోట్లా పోలికలే ఎక్కువ. నన్ను రోజూ కుర్చీలో కూర్చోబెట్టింది మాత్రం ఆమె అడిగిన పని. దాన్ని పూర్తిచేసి, ఆమె స్థానంలో వచ్చిన అమ్మాయికి అప్పగించాను. ఆ అమ్మాయి నన్ను అన్నా అంటుంది. నా భార్య ఫోన్ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. అందులో పాత వెర్షన్ ఉంది. చివరి రోజు తిరిగిన ఊరిలో చేసిన నమోదులు పంపకుండా మిగిలిపోయి ఉన్నాయి. ఆ గొర్రెలకు తర్వాత మళ్ళీ టీకాలు పడ్డాయి, మళ్ళీ నమోదులు అయ్యాయి, కాబట్టి అవి ఎవరికీ అవసరం లేదు. అప్పుడప్పుడు ఛార్జింగ్ పెట్టేవాణ్ణి. ‘పంపు’ నొక్కలేదు.

ఇక ఈ ఏడాది వానల ముందు జరిగింది చెప్పాలి.

త్రిపురాంతకం వైపు ఒక ఊళ్ళో పెద్ద మంద ఉన్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నా భార్య ఆయన్ని పెదనాయనా అనేది, ఆ వరసన నేను అల్లుణ్ణి. పోయిన ఏడాది వానలు పడి కొత్త గడ్డి మొలవగానే ఆయన మందలో చిటుక రోగం వచ్చింది. సాయంత్రం దాకా ఎగిరిన పిల్లలు తెల్లారి లేచి చూసేసరికి బిగుసుకుని పడి ఉండేవట. చిటుకకు వైద్యం లేదు, వానలకు ముందు టీకా వేయించుకోవడమే. అందుకని ఈసారి ఆయనే కబురు పెట్టి మరీ పిలిపించుకున్నాడు. అమ్మాయి వెళ్ళింది. తెచ్చిన మందు మందలో సగానికి వచ్చింది. మిగతా వాటికి తర్వాతి స్టాకు వచ్చాక వేస్తానని, వేసినవాటి వీపున గుర్తుగా ఎర్ర జాజు రాసి వచ్చింది. ఆ రోజు ఆమె ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. పెద్దాయన తన మందకు టీకాలు ఎప్పుడెప్పుడు పడ్డాయో చూసుకోవడానికి అదే అప్లికేషన్‌ను ముందే పెట్టించుకుని ఉన్నాడు గనక, సూది వేసినవాటి చెవుల ఫోటోలన్నీ ఆయన ఫోన్లోనే తీసింది. ఆ దొడ్డి దగ్గర టవర్ అందదు. సిగ్నల్ వచ్చినచోట ఒకసారి తెరిస్తే దానంతటదే పోతుందని చెప్పి వచ్చింది. ఆయన తెరవలేదు.

వాన అనుకున్నదానికంటే ముందే పడింది. జాజు కడుక్కుపోయింది. చేలు దున్నడం మొదలైతే మందకు మేత ఉండదు, కొండకు తోలుకుపోవాలి. స్టాకు వచ్చి అమ్మాయి ఐస్ డబ్బాతో ఊరికి వెళ్ళేసరికి దొడ్డి ఖాళీగా ఉంది. ఇంటి దగ్గరున్న కోడలు చెప్పిందట, మామ మంద ఎత్తి దోర్నాల దారి పట్టినాడని, పోయేముందు ఫోన్లో ఉన్న ఆ గొర్రెల బొమ్మను, అంటే మా అప్లికేషన్ గుర్తును, సెల్ షాపులో తీయించేశాడని.

అమ్మాయి నాకు ఫోన్ చేసింది. వేటికి సూది పడిందో, వేటికి పడలేదో చెప్పగలిగింది ఆ ఫోటోలే. గాటు ఎవరి గొర్రెనో చెబితే, చెవి రంగూ మచ్చలూ ఏ గొర్రెనో చెబుతాయి. రెండోసారి పడితే గొర్రెకు ప్రమాదం లేదు గాని, డబ్బాలో ఉన్న మందు సగం మందకే. పడినవాటికే మళ్ళీ వేస్తే పడనివి కొన్ని అట్లాగే అడవి అంచుకు పోతాయి, కొత్త గడ్డి తింటాయి. ఆ తర్వాత ఏం జరుగుతుందో పెద్దాయన పోయిన ఏడు చూశాడు.

ఆమెను దోర్నాలకు బస్సెక్కమని చెప్పి నేను బండి తీశాను. దారంతా ఒకటే ఆలోచన. షాపువాడు తీసింది బొమ్మనా, బ్రౌజరు డేటానా? హోమ్ స్క్రీన్ మీది బొమ్మ మాత్రమే తీసి ఉంటే ఏమీ పోలేదు. ఫోన్లో విడిగా ఎక్కించే యాప్‌ను తీసేస్తే దానితోపాటు అది దాచుకున్నదీ పోతుంది. వెబ్ అప్లికేషన్ దాచుకున్నది బ్రౌజరు దగ్గర ఉంటుంది, బొమ్మ పోయినా అది ఉంటుంది. కానీ డేటా మొత్తం తుడిచేసి ఉంటే ఏ పద్ధతిలో దాచినా ఒకటే.

దోర్నాల ఇంకా రాకముందే, రోడ్డు పక్క హోటల్లో అడిగితే వెనకున్న బీడు చూపించారు. అక్కడ మంద నిలిపి ఉంది. అమ్మాయి కూడా అప్పుడే బస్సు దిగి డబ్బా మోసుకొచ్చింది. పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి మా ఇద్దరినీ చూశాడు.

“ఏం అల్లుడూ, ఇంత దూరం వచ్చినావు? మాతో కొండకొస్తావా ఏంది?”

నేను నవ్వేలోపే అమ్మాయి అడిగేసింది. “తాతా, ఆ ఫోటోలది ఎందుకు తీపిచ్చినావు?”

“నీది గదా పాపా అది. నీ వస్తువు నా జేబులో పెట్టుకోని కొండకు పోతానా?”

అది వాళ్ళ ఆనవాయితీ అని అప్పుడు తెలిసింది. మంద ఎత్తే ముందురోజు ఇంట్లో ఉన్న ఇతరుల వస్తువులన్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేస్తారు. తాడు కావచ్చు, కొడవలి కావచ్చు, పండక్కి తెచ్చుకున్న గిన్నె కావచ్చు. ఒకరిది వెంట ఉంటే మనసు ఊరి మీదే ఉంటుంది, గొర్రెల మీద ఉండదు అన్నాడాయన. ఫోన్లో ఉన్న చెవుల ఫోటోలు అమ్మాయి పనికి సంబంధించినవి, కాబట్టి అమ్మాయివి.

“ఇచ్చేయాల్సింది నాకు తాతా, సెల్ షాపోడికి కాదు.”

“నువ్వు కనపడితేగదా. టవర్లో పోయేదే గదా అది, తీసేస్తే టవర్లో పడి నీకాడికొస్తాదిలే అనుకున్నా.”

షాపువాడు ఏం నొక్కాడని నేను అడిగాను. బొమ్మ మీద వేలు పెట్టి పట్టుకున్నాడు, అది ఎగిరిపోయింది, అంతే అన్నాడు పెద్దాయన. నాకు సగం ధైర్యం వచ్చింది. ఫోన్ ఇమ్మన్నాను. తీస్తూ చెప్పాడు.

“నిన్నట్నుంచి ఇదొకటే అడుగుతుండాది అల్లుడూ. చోటు లేదు, ఖాళీ చెయ్యమంటావా అని. ఊరికే అడగదు గదా, సరే అందామనుకునేసరికి మీరొచ్చినారు.”

తెర మీద నిజంగానే ఆ ప్రశ్న నిలబడి ఉంది. జవాబు చెప్పకుండా పక్కకు తోసి చూశాను. షాపువాడు బొమ్మ తీసిన తర్వాత కొండ మీద కాలక్షేపానికని ఫోన్ నిండా పౌరాణిక నాటకాల వీడియోలు ఎక్కించాడు. ఫోన్లో చోటు మరీ ఇరుకైతే బ్రౌజరు తాను దాచినవాటిని చెప్పకుండా తీసేయవచ్చు. అలా తీయవద్దని అడిగే వీలొకటి ఉంది, కోడ్ రాసినప్పుడే నేను అడిగాను. బ్రౌజరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అది మన చేతిలో లేదు. ముందు చోటు చేయడం మేలనిపించి ఒక నాటకం తీసేయబోయాను.

“అది ముట్టుకోవద్దు. ఆ పద్యాల కోసరమే ఈ ఫోన్ మోసుకుపోతుండా.”

వెతికితే అదే నాటకం రెండుసార్లు ఎక్కి ఉంది. ఆయనకు చూపించి ఒకటి తీశాను. తర్వాత బ్రౌజరు తెరిచి, అప్లికేషన్ చిరునామా కొట్టాను.

పేజీ తెరుచుకుంది. కింద వరుసగా చెవులు వచ్చాయి. కొన గాటు, ముందు గాటు, వెనక గాటు. ఒక్కటీ పోలేదు. అమ్మాయి కూర్చుని ఐస్ డబ్బా మూత తీసింది.

సిగ్నల్ ఒక గీత ఉంది, పోతోంది, వస్తోంది. పంపడం తర్వాత చూసుకోవచ్చని ముందు పని మొదలుపెట్టాం. పెద్దాయన, ఆయన తమ్ముడు గొర్రెల్ని పట్టడం, నేను ఫోటోలు జరుపుతూ పోల్చడం, అమ్మాయి సూది వేయడం. మబ్బు పట్టి వెలుతురు తగ్గుతోంది. కొన్నింటిని ఆయన ఫోటో అక్కర్లేకుండానే చెప్పాడు. ఒక ఫోటో చూసి, ఇది మా తమ్ముడిది, దీనికి వాడి పొగరే వచ్చింది అన్నాడు. తమ్ముడు ఆ మాట వినపడనట్టు ఇంకో గొర్రెను పట్టుకొచ్చాడు. చీకటి పడకముందే పడనివాటన్నిటికీ సూదులు పడ్డాయి. మందు సరిపోయింది.

తర్వాత ఫోన్ పట్టుకుని రోడ్డు మీదికి నడిచాను. గీతలు పెరిగాయి, రికార్డులన్నీ సర్వర్‌కు చేరాయి. వెనక్కొచ్చి అయిపోయిందని చెప్పాను. పెద్దాయన ఫోన్ తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“పోయినాయంటివి. ఇంకా ఈడనే ఉండాయే?”

పంపినవి సర్వర్‌లో ఉంటాయి, ఇక్కడా ఒక ప్రతి ఉంటుంది, మళ్ళీ చూసుకోవడానికి వీలుగా అని వివరించాను. నా కోడ్ అంతే చేస్తుంది. చాలామంది కోడ్ అంతే చేస్తుంది.

“ఇచ్చినాక ఇంకా నా దగ్గరెందుకు?”

ఆయన వాదించడానికి అడగలేదు. నేను ఆలోచించాను. ఆయన మందకు టీకాలు పడిన తేదీలు ఆయనవి, అవి ఆయన దగ్గర ఉండాలి. చెవుల ఫోటోలు, నలుగురి గొర్రెల వివరాలు పని కోసం ఆ ఫోన్లోకి వచ్చినవి. పని అయ్యాక అవి అక్కడ ఉండటానికి నా సౌకర్యం తప్ప కారణం లేదు. ఆయన చూస్తుండగానే తేదీలు ఉంచి మిగతావి తీసేశాను. ఎక్కడ దాచాలన్న దాని గురించి నేను నెలల తరబడి చదివాను. ఎప్పుడు తిరిగి ఇవ్వాలన్నది అందులో భాగమేనని నాకు స్పష్టమైంది ఆ బీట్లోనే.

వచ్చేస్తుంటే ఆయన ఇంకో మాట అన్నాడు.

“మా పాప ఉన్నప్పుడు మంద ఎత్తేలోపల ఒకసారొచ్చేది. నావేమన్నా ఉండాయా పెదనాయనా అని అడిగిపోయేది. అడిగితే గదా మనిషికి గుర్తొచ్చేది.”

ఈ సంగతి నా భార్య నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయం అనుకుని ఉండదు.

ఇంటికొచ్చి కోడ్ మార్చాను. ఇప్పుడు ఆ అప్లికేషన్ సిగ్నల్ దొరికినప్పుడల్లా అడుగుతుంది, మీ దగ్గర ఇవి మిగిలి ఉన్నాయి, అప్పగిస్తారా అని. కింద ‘అన్నీ అప్పగించు’ అనే బటన్ ఉంటుంది. నొక్కితే రికార్డులు పోతాయి, అందాయని సర్వర్ నుంచి మాట వచ్చాకే ఫోన్లోంచి తీసివేస్తుంది. ఈ వరస తారుమారు కాకూడదు. ఈ పద్ధతి సరైనదని నేను గట్టిగా చెప్పగలను. దూరపు కంపెనీల పనుల్లో కూడా ఇప్పుడు మొదట ఇదే అడుగుతున్నాను. ఎక్కడ పెడదామని కాదు, ఎప్పుడు ఇచ్చేద్దామని. కొందరు వింతగా చూస్తారు, తర్వాత ఒప్పుకుంటారు.

వానలు బాగా పడ్డాక ఒకరోజు పెద్దాయన చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ దొరికిందని ఫోన్ చేశాడు. గడ్డి మోకాళ్ళ దాకా ఉందట. పిల్లలన్నీ ఎగురుతున్నాయట, మందలో చిటుక లేదట. నాటకం ఫోన్లో సగంలో ఆగిపోతోంది, దిగొచ్చాక చూసిపెట్టమన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం అల్మారాలోంచి నా భార్య ఫోన్ తీశాను. కొత్త వెర్షన్ అందులో ఇంకా చూడలేదు, పాత ఫోన్లలో అది ఎలా నడుస్తుందో చూడాల్సి ఉంది. నెట్ వేసి పేజీ తెరిచాను. పాత చోట ఉన్నవాటిని కొత్త చోటికి మార్చే కోడ్ అనుకున్నట్టే పనిచేసింది. ఆమె చివరి రోజు కొట్టిన రికార్డులు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పైన ప్రశ్న వచ్చింది, మీ దగ్గర ఇవి మిగిలి ఉన్నాయి, అప్పగిస్తారా అని. ప్రతి రికార్డూ ఒకసారి చదివాను. గాటు, రంగు, ఈనిందా లేదా. అనవసరమైన మాట ఎక్కడా లేదు.

బటన్ నొక్కాను. అందాయని సర్వర్ చెప్పింది. జాబితా ఖాళీ అయింది.

కొత్త నమోదు కోసం పేజీ సిద్ధంగా నిలబడింది. ఊరు అన్నచోట ఆమె చివరిసారి తిరిగిన ఊరి పేరు ముందే వచ్చి ఉంది. అది లోకల్ స్టోరేజ్‌లోది, పోయినా ఫరవాలేదని నేను వేరు చేసిన వాటిలో ఒకటి. అప్పగించమని నొక్కినప్పుడు దాన్ని కూడా తీసేయడానికి ఒక వరుస రాస్తే చాలు. రాయలేదు.